గేటు బయట పెట్టిన నల్ల కవరు

2021 మే నెల, కరోనా రోజులు. మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. మా వీధిలోకి కూరగాయల బండి రావడం ఆగిపోయింది, పాలబ్బాయి ప్యాకెట్లు గోడ మీద పెట్టి వెళ్ళిపోయేవాడు, పేపరు మేమే మానేశాం. రోజూ తప్పకుండా వచ్చింది ఒక్క చెత్త బండే. పొద్దున ఏడయ్యేసరికి సందు మొదట్లో విజిల్ వినపడేది. రాత్రే ముడేసి ఉంచిన నల్ల కవరు గేటు బయట పెట్టి, బండి తోసుకుంటూ ఆమె మా ఇంటి దాకా రాకముందే లోపలికి వచ్చి తలుపేసుకునేదాన్ని.

ఆమెకు అంటుకోకూడదనే దూరంగా ఉంటున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. ఎదురుపడితే "సారు కనపడటం లేదేంటండీ" అని అడుగుతుంది. చెప్పాల్సి వస్తుంది. చెబితే వీధంతా తెలుస్తుందని నా భయం.

మా ఆయనకు ఆ నెల మొదటి వారంలో పాజిటివ్ వచ్చింది. మూడో రోజుకు నాకు, ఆ మర్నాడు మా అత్తయ్యకు. ఎక్కడా బెడ్లు దొరకని రోజులవి. ముగ్గురం ఇంట్లోనే ఉండి కోలుకున్నాం. అత్తయ్యకు 76 ఏళ్ళు, పాతికేళ్ళుగా షుగరు ఉంది. దగ్గు తగ్గడం లేదని డాక్టరుగారు ఫోన్లోనే స్టెరాయిడ్ మాత్రలు రాశారు. అవి మొదలుపెట్టాక షుగరు ఒక్కసారిగా పెరిగింది. రోజుకు నాలుగుసార్లు వేలు పొడిచి చూడటం, మూడుసార్లు పెన్నుతో ఇన్సులిన్ ఇవ్వడం. రోజుకు ఏడు సూదులు. రెండు వారాలకు 98. ఈ లెక్క అప్పుడు వేసుకోలేదు. తర్వాత చాలాసార్లు వేసుకున్నాను.

ఆ సూదులన్నీ నల్ల కవర్లోకే వెళ్ళాయి. ముగ్గురి మాస్కులు, చీదిన టిష్యూలు, అత్తయ్య డైపర్లు, మిగిలిన అన్నం, అరటి తొక్కలు, కొబ్బరినీళ్ళ సీసాలు, అన్నీ కలిపి ఒకటే కవరు. ఒక్కోసారి రెండు.

పదో రోజు కాబోలు, విజిల్ మా గేటు దగ్గర ఆగి మళ్ళీ మోగింది. కిటికీ లోంచి చూశాను. ఆమె కవరు తీసుకోకుండా నిలబడి ఉంది. కుడిచేతి వేలికి పాత చీర పీలిక చుట్టి ఉంది.

"టీచరుగారండీ, మీ ఇంట్లో సూదులు ఎవరు వాడతారండీ?"

మాస్కు సర్దుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. "ఏమైందమ్మా?"

"నిన్న మీ కవర్లో సీసాలున్నాయని చెయ్యి పెట్టానండీ. గుచ్చుకుంది. రక్తం వచ్చింది. ఆ సూది వాడినోళ్ళకి రక్తం జబ్బేదన్నా ఉందేమో కనుక్కుని రమ్మన్నాడు మా ఇంటాయన."

"చేతికి గ్లౌజులు లేవా?"

"ఉండేయండీ. చిరిగిపోయాయి."

నేను 20 ఏళ్ళుగా హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నాను. రక్తం ద్వారా వ్యాపించే వ్యాధులేమిటో బోర్డు మీద రాయించి, పరీక్షలో అడిగి, మార్కులు వేసిన మనిషిని. ఆ పొద్దున గుమ్మంలో నిలబడి ఆమె వేలి వంక చూస్తుంటే నాకు నోట మాట రాలేదు.

అత్తయ్యకు అంతకు రెండేళ్ళ క్రితం కంటి శుక్లం ఆపరేషన్ అయింది. ఆపరేషన్‌కు ముందు హెపటైటిస్-బి, హెపటైటిస్-సి (రక్తం ద్వారా వచ్చే కాలేయ జబ్బులు), హెచ్‌ఐవీ పరీక్షలు చేస్తారు. ఆ రిపోర్టు బీరువాలో ఉంది. తెచ్చి, గేటుకు ఇవతల నుంచే చదివి వినిపించాను. మూడూ లేవని రాసి ఉందని చెప్పాను. ఆమె ఊపిరి పీల్చుకుంది. అప్పుడు చెప్పాను, మా ముగ్గురికీ కరోనా అని.

"అది నాకు వారం కిందటే తెలుసండీ. మీ కవరు చూస్తే తెలీదా? అన్ని మాస్కులు, అన్ని మందుల అట్టలు."

"మరి ఎవరికీ చెప్పలేదే?"

"చెప్తే మీకు పాలు కూడా రావండీ."

నేను ఎవరి దగ్గర దాస్తున్నానో ఆమెకే ముందు తెలుసు, ఆమే మా గుట్టు కాపాడింది. ఆ పని ఆమె సూది గుచ్చుకున్న వేలితో చేసింది. ఈ వ్యాసం రాయడానికి ఆ ఒక్క పొద్దు చాలు. మరో మహమ్మారి వస్తే మళ్ళీ ఇలాగే జరుగుతుందని నా భయం. ఎందుకలా అనుకుంటున్నానో చెప్పడానికి కాస్త వెనక్కి వెళ్ళాలి.

అత్తయ్య సూదులు ఎక్కడ వేయాలో మన దేశంలో ముందే రాసి ఉంది. 2016 మార్చిలో వచ్చిన బయోమెడికల్ (వైద్య) వ్యర్థాల నిబంధనలు ఆసుపత్రులకే అనుకుంటాం. వాటిలో ఇళ్ళ గురించి కూడా ఉంది. ఇంట్లో వైద్యం చేసుకునేటప్పుడు వచ్చే వ్యర్థాలను విడిగా ఒక సంచిలోనో డబ్బాలోనో పెట్టి చెత్త తీసుకెళ్ళేవాళ్ళకు ఇవ్వాలి. మున్సిపాలిటీలు బయోమెడికల్ వ్యర్థాల శుద్ధి కేంద్రాలతో ఒప్పందం చేసుకుని వాటిని అక్కడికి చేర్చాలి. మరుసటి నెలలోనే వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు తడి, పొడి చెత్తతో పాటు మూడో రకాన్ని కూడా చెప్పాయి. వాడిన సూదులు, సిరంజీలు, పుండు తుడిచిన గుడ్డలు, గడువు దాటిన మందులు, పాత బ్యాటరీలు అందులోకి వస్తాయి. డైపర్లు, ప్యాడ్లు గట్టిగా చుట్టి ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. ఇదంతా కోవిడ్‌కు నాలుగేళ్ళ ముందు మాట. ఆ నాలుగేళ్ళూ మా ఇంట్లో ఇన్సులిన్ వాడకం ఉంది. మా ఇంటి నుంచి ఒక్క సూది కూడా విడిగా వెళ్ళలేదు. నాకు చెప్పినవాళ్ళు లేరు, నేను అడిగిందీ లేదు.

తర్వాత కోవిడ్ వచ్చింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. జూలై వచ్చేసరికి వాటికి నాలుగో సవరణ కూడా వచ్చేసింది. వాటిని నేను ఈ సంఘటన తర్వాత తీరిగ్గా చదివాను. నాకు కోపం రాలేదు. రాసినవాళ్ళు బాగా ఆలోచించే రాశారు. కరోనా రోగి ఉన్న ఇంట్లో రోగి వాడిన మాస్కులు, టిష్యూలు, స్వాబ్‌ల వంటివి పసుపు సంచిలో వేసి విడిగా ఇవ్వాలి. ఇంట్లో చెత్తంతా తెచ్చి ఆ సంచిలో కుక్కకూడదు. మిగిలిన తిండి, ఖాళీ సీసాలు, పళ్ళ తొక్కలు మామూలు చెత్తే. జబ్బు లేని ఇళ్ళవాళ్ళు కూడా వాడిన మాస్కులను కాగితపు కవర్లో 72 గంటలు ఉంచి, ఎవరూ మళ్ళీ వాడకుండా కత్తిరించి, పొడి చెత్తలో వేయాలి.

చెత్తంతా పసుపు సంచిలో ఎందుకు వేయొద్దన్నారో ఒక్క మాట చెప్పాలి. పసుపు సంచి చివరికి వెళ్ళేది వ్యర్థాలు కాల్చే భట్టీకి. ఆ భట్టీ రెండు అరలుగా ఉంటుంది. మొదటి అరలో 800 డిగ్రీలకు తగ్గకుండా కాలి, వచ్చిన పొగ రెండో అరలో 1,050 డిగ్రీల దగ్గర మళ్ళీ కాలాలి. అప్పుడే విషవాయువులు తగ్గుతాయి. అందులో తడి అన్నం, సాంబారు, అరటి తొక్కలు పడితే వేడి నిలవదు, చోటూ చాలదు. 2021 మేలో దేశం మొత్తం మీద కోవిడ్ బయోమెడికల్ వ్యర్థాలు సగటున రోజుకు 200 టన్నుల దాకా వచ్చాయని కాలుష్య నియంత్రణ మండలి లెక్క. మా ఇంటి నల్ల కవరు ఆ లెక్కలో లేదు. అది మామూలు చెత్తతో కలిసి డంపింగ్ యార్డుకు పోయింది. మాలాంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టలేరు, ఎందుకంటే అందరం దాచాం.

ఇక్కడే నా వాదన మొదలవుతుంది. పసుపు సంచి గేటు బయట పెట్టడమంటే మా ఇంట్లో రోగం ఉందని వీధికి చాటడమే. 2020లో ఆ చాటింపు ఎలా ఉండేదో మనందరం చూశాం. తలుపులకు స్టిక్కర్లు, ఇళ్ళ ముందు ఫ్లెక్సీలు, వీధికి అడ్డంగా కర్రలు. చివరికి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఇంటి ముందు పోస్టరు అంటిస్తే ఆ ఇంటివాళ్ళను అంటరానివాళ్ళుగా చూస్తున్నారని 2020 డిసెంబరులో కోర్టు అంది. అధికారుల ప్రత్యేక ఆదేశం లేకుండా అలాంటి పోస్టర్లు అంటించకూడదని చెప్పింది.

అంటరానివాళ్ళు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మన భాషలో అంటువ్యాధిలో ఉన్నదీ, అంటరానితనంలో ఉన్నదీ ఒకే అంటు. క్లాసులో ఎన్నిసార్లు 'అంటువ్యాధులు' అని శీర్షిక రాశానో లెక్కలేదు, ఒక్కసారీ ఆ రెండో మాట తట్టలేదు. పురిటి గుడ్డలు, మైల గుడ్డలు మనం ముట్టుకోకుండా ఎవరి చేతికి వేసేవాళ్ళమో మా అమ్మమ్మ తరానికి బాగా తెలుసు. చెత్త బండి తోసేవాళ్ళు ఇప్పటికీ ఎక్కువగా ఏ వాడల నుంచి వస్తున్నారో మనకు తెలుసు. రోగి ఇంటివాళ్ళను నాలుగు వారాలు అంటరానివాళ్ళుగా చూశారని మనం బాధపడ్డాం. న్యాయమే. ఆ నాలుగు వారాలూ మన రోగాన్ని చేత్తో ఎత్తినవాళ్ళకు తరతరాలుగా ఆ పేరుంది. వాళ్ళకు మనం కనీసం "అందులో సూదులున్నాయి, జాగ్రత్త" అని చెప్పలేదు.

ఇంటికి గుర్తు పెట్టడం దానంతటది తప్పు కాదు. నా చిన్నప్పుడు ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్ళు. అది చూసి బయటివాళ్ళు లోపలికి వచ్చేవాళ్ళు కాదు. పిల్లలం ఆ ఇంటి ముందు గోల చేసేవాళ్ళం కాదు. ఎవరూ ఆ ఇంటిని అసహ్యించుకున్నట్టు నాకు గుర్తు లేదు. వేపమండ కట్టుకున్నది ఇంటివాళ్ళే. స్టిక్కరు మాత్రం బయటివాళ్ళు వచ్చి అంటించారు. నేను మళ్ళీ వేపమండల రోజులు రావాలని అనడం లేదు. సిగ్గుపడాల్సి వచ్చే గుర్తును జనం దాచేస్తారు, దాస్తే సూది గుచ్చుకునేది చెత్త ఎత్తే చేతికి. ఇదే నేను చెప్పేది.

అందుకే, మహమ్మారి వచ్చినప్పుడు రోగి ఇంటికి మాత్రమే ఒక ప్రత్యేక సంచి ఇచ్చే పద్ధతి పనిచేయదని నా నమ్మకం. ప్రతి ఇంటి నుంచీ, ప్రతిరోజూ, రోగం ఉన్నా లేకపోయినా ఒక మూడో పొట్లం వెళ్ళాలి. పసిపిల్లల డైపర్లు, ఆడవాళ్ళ ప్యాడ్లు, పుండుకు కట్టిన కట్టు, వాడేసిన మాస్కు, ఏదైనా సరే. ఏ ఇంట్లో అయినా వారానికి కనీసం ఒకటి ఉంటుంది. అందరూ ఇస్తుంటే ఎవరి పొట్లంలో ఏముందో వీధికి తెలియదు. చెత్త ఎత్తే మనిషికి మాత్రం ఆ పొట్లం విప్పకూడదని తెలుస్తుంది. తెలియాల్సింది ఆమెకే. రేపు ఏ కొత్త వైరస్ వచ్చినా ఆ పొట్లం దారి అప్పటికే సిద్ధంగా ఉంటుంది. మార్గదర్శకాలకు నాలుగు సవరణలు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

దీనికి నాతో వాదించినవాళ్ళు చాలామంది ఉన్నారు. మా స్కూల్లో ఫిజిక్స్ మాస్టారి మాట ముందు చెప్పాలి, ఎందుకంటే ఆయన అన్నది నిజం. "వస్తువుల మీద నుంచి కరోనా పెద్దగా రాదని తేలిపోయింది కదమ్మా, ఇంకా ఆ చెత్త గొడవ ఎందుకు?" అన్నారు. 2020 వసంతంలో వచ్చిన ప్రయోగశాల ఫలితాలు అందరినీ భయపెట్టాయి. ప్లాస్టిక్ మీద 72 గంటల వరకూ వైరస్ బతికి ఉందని ఒక అధ్యయనం, సర్జికల్ మాస్కు బయటి పొర మీద ఏడో రోజున కూడా కనపడిందని ఇంకో అధ్యయనం. మనం కూరగాయలు సబ్బుతో కడిగాం, పాల ప్యాకెట్లు ఎండబెట్టాం. ఏడాది తర్వాత, 2021 ఏప్రిల్‌లో, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ తేల్చి చెప్పింది. వైరస్ ఉన్న వస్తువును ఒకసారి తాకితే జబ్బు వచ్చే అవకాశం 10,000లో ఒకటికన్నా తక్కువ. గాలే అసలు దారి.

మరి నా గొడవ ఎందుకు? ఆమె వేలికి గుచ్చుకున్నది కరోనా కాదు కాబట్టి. హెపటైటిస్-బి వైరస్ ఎండిన రక్తంలో కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. టీకా వేయించుకోని మనిషికి ఆ వైరస్ ఉన్న సూది గుచ్చుకుంటే జబ్బు వచ్చే అవకాశం వందకు 30 దాకా ఉంటుంది. కరోనా భయంతో మనం పాల ప్యాకెట్టు కడిగిన రోజుల్లోనే ఈ సూదులు అంతకన్నా ఎంతో ప్రమాదంతో అదే కవర్లో వెళ్ళాయి. పైగా ఆ రోజుల్లో ఇంటి దగ్గరే వైద్యం పెరిగింది. ఇంట్లోనే సెలైన్లు, ఇంజెక్షన్లు. 2021 మేలోనే ఇంట్లో కరోనా పరీక్ష చేసుకునే యాంటిజెన్ కిట్‌కు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అనుమతి వచ్చింది. ఆ కిట్ డబ్బాలో స్వాబ్ పారేయడానికి ఒక చిన్న సంచి కూడా ఇచ్చారు. ఒమిక్రాన్ రోజుల్లో మా బంధువుల్లో చాలామంది ఆ కిట్ వాడారు. స్వాబ్‌ను ఆ సంచిలో శ్రద్ధగా వేసి, ఆ సంచిని తీసుకెళ్ళి వంటింటి చెత్తబుట్టలో పడేశారు. ఆ సంచి తర్వాత ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు కదా.

కరోనా తగ్గింది. సూదులు తగ్గలేదు. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చింది. అందులో ఎంతమంది ఇన్సులిన్ తీసుకుంటారో, ఎంతమంది వేలు పొడిచి చూసుకుంటారో మీ ఇంట్లో, పక్కింట్లో చూస్తే అర్థమవుతుంది. ఆ సూదులు మన గేటు దాటి ఎక్కడికి పోతున్నాయి?

పారేసిన వస్తువు తిరిగి రాదనుకోవడం కూడా పొరపాటే. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో హెపటైటిస్-బి ప్రబలి పదుల మంది చనిపోయారు. వాడేసిన సిరంజీలనే మళ్ళీ మళ్ళీ వాడటం అందుకు కారణం. మాస్కు కత్తిరించి పారేయమని మార్గదర్శకాల్లో ఎందుకు రాశారో నాకు అది గుర్తొచ్చాకే అర్థమైంది.

ఇంకో అభ్యంతరం మా వీధిలోనిదే. "మూడు డబ్బాలిస్తే ఏం చేశాం?" అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం మొదలైంది. పట్టణాల్లో ఇంటింటికీ మూడు రంగుల డబ్బాలు. తడికి ఆకుపచ్చ, పొడికి నీలం, ప్రమాదకరమైన వాటికి ఎరుపు. ఎర్ర డబ్బాను చూసి నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అత్తయ్య సూదుల కోసమే పంపించినట్టు అనిపించింది. నెల తిరిగేసరికి మా వీధిలో ఎర్ర డబ్బాలు స్నానాల గదుల్లో నీళ్ళకు, మేడ మీద తులసి మొక్కలకు, ఒకరింట్లో మినప్పప్పు పోసుకోవడానికి చేరిపోయాయి. తర్వాత చెత్త పన్ను మీద గొడవ మొదలై, డబ్బా మాట వెనక్కి పోయింది. ఆ పన్ను వేయడం సరైనదా కాదా అన్నది వేరే చర్చ, అది ఇక్కడ ఎత్తను. ఎర్ర డబ్బాలో ఏమేం వేయాలో, ఎందుకు వేయాలో ఇంటి గుమ్మం ముందు నిలబడి ఒక మనిషి మరో మనిషికి చెప్పి ఉంటే ఆ డబ్బా నీళ్ళకు వెళ్ళేది కాదు. కొత్త రంగు చూడగానే ఎవరికీ కొత్త అలవాటు రాదు. మా ఇంట్లో కూడా అది అంత తేలిగ్గా రాలేదు.

పుణెలో ఒక పద్ధతి ఉంది, నాకు చాలా నచ్చింది. అక్కడ చెత్త సేకరించేవాళ్ళే నడుపుకునే స్వచ్ అనే సహకార సంఘం ఉంది. డైపర్లు, ప్యాడ్లు పాత పేపర్లో చుట్టి, పైన ఎర్ర చుక్క పెట్టి ఇవ్వమని వాళ్ళు ఇళ్ళవాళ్ళను అడిగారు. ఒక పాత పేపరు, ఒక ఎర్ర పెన్ను. ఖర్చేమీ లేదు. ఆ చుక్క చూడగానే విప్పకుండా పక్కన పెడతారు. ఈ ఆలోచన దాన్ని విప్పాల్సి వచ్చే చేతుల నుంచే వచ్చింది. మన దగ్గర పేపరు పొట్లానికి ఎర్ర చుక్క అంటే ఎవరికి చెప్పినా ఇట్టే అర్థమవుతుంది. మా అత్తయ్య దాన్ని "బొట్టు పెట్టడం" అంటుంది. "బొట్టు పెట్టావా?" అని ఇప్పటికీ అడుగుతుంది.

పల్లెల సంగతి ఇంకోలా ఉంటుంది. మా అమ్మావాళ్ళ ఊళ్ళో ప్రతి ఇంటి వెనకా పెంటకుప్ప ఉండేది. పేడ, ఊడ్చిన ఆకులు, బూడిద, అన్నీ అందులోకే, ఏడాదికి ఎరువై పొలానికి వెళ్ళేవి. పాత గుడ్డ వేసినా మట్టిలో కలిసేది. మాస్కు కలవదు. సర్జికల్ మాస్కు పాలీప్రొపిలీన్‌తో చేస్తారు, అది ప్లాస్టిక్కే. డైపరూ అంతే. పెంటకుప్ప తట్టుకోలేని వస్తువులు పెంటకుప్పలోకి వచ్చాక జనం దానికి అగ్గిపెట్టడం మొదలుపెట్టారు. కోవిడ్ సమయంలో మా తమ్ముడు కూడా పెరట్లో రోజూ తగలబెట్టాడు, వైరస్ చచ్చిపోతుందని. వైరస్ చస్తుంది, సందేహం లేదు. పెరటి మంట మాత్రం ఆ 800 డిగ్రీల భట్టీ కాదు, ఆ పొగ పక్కింటి పసిపిల్ల పీల్చింది. ఇప్పుడు చాలా పంచాయతీల్లో హరిత రాయబారులు అనే పారిశుద్ధ్య కార్మికులు ఇంటింటికీ వచ్చి చెత్త తీసుకెళుతున్నారు. మూడో పొట్లం అక్కడ కూడా సాధ్యమే.

మా ఇంట్లో ఇప్పుడు ఏం చేస్తామో చెబుతాను, ఎవరికైనా పనికొస్తుందని. సూదులకు బట్టలుతికే లిక్విడ్ ఖాళీ డబ్బా ఒకటి పెట్టాం. మందంగా ఉంటుంది, సూది బయటికి పొడుచుకు రాదు. మూత బిగుతుగా ఉంటుంది. మూడొంతులు నిండగానే మూతకు టేపు చుట్టి, మార్కరు పెన్నుతో పెద్ద అక్షరాలతో 'సూదులు' అని రాస్తాం. తెలుగులోనే రాస్తాం. చదువు రానివాళ్ళ కోసం పక్కన సూది బొమ్మ కూడా గీస్తాం. అత్తయ్య రక్తపరీక్షలకు వెళ్ళే ల్యాబ్‌లో అడిగితే తమ సూదులతో కలిపి పంపిస్తామని ఒప్పుకున్నారు. అన్ని ల్యాబులూ ఒప్పుకోవు, రెండు చోట్ల కాదన్నారు. అడగ్గా అడగ్గా మూడో చోట దొరికింది.

డైపర్లు, కట్లు పేపర్లో చుట్టి బొట్టు పెడతాం. ఎవరికైనా జ్వరమూ దగ్గూ ఉంటే టిష్యూలు, మాస్కులు విడిగా ఒక కవర్లో వేసి, ముప్పావు నిండగానే మెడ దగ్గర ముడేసి, ఇంకో కవర్లో పెట్టి మళ్ళీ ముడేస్తాం. నిండా కుక్కితే ముడి నిలవదు, అది అనుభవం మీద తెలిసింది. నల్ల కవరు మానేశాం, లోపల ఏముందో కనపడాలి. బ్లీచింగ్ పౌడరు వాడాల్సి వస్తే లీటరు నీళ్ళకు 30 గ్రాములు, ఒక శాతం ద్రావణం కోసం. ఎప్పటికప్పుడు కలుపుకోవాలి, నిల్వ ఉంటే పనిచేయదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను, బ్లీచింగ్‌లో టాయిలెట్ కడిగే యాసిడ్ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

సూది గుచ్చుకుంటే ఏం చేయాలో కూడా ప్రతి చెత్త బండి మనిషికీ ముందే తెలిసి ఉండాలి. వెంటనే ధారగా పారే నీళ్ళతో, సబ్బుతో కడగాలి. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి. హెచ్‌ఐవీ అనుమానం ఉంటే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. ఆమె మర్నాడు దాకా ఆగింది. ఒక పూట పని మానేస్తే ఆ రోజు కూలి పోతుందని ఆగింది. హెపటైటిస్-బి టీకా ఉద్యోగంలో చేరిన రోజే వేయించి ఉంటే ఆ రాత్రి ఆమె ఇంట్లో అంత టెన్షన్ ఉండేది కాదు. గ్లౌజులు చిరిగిన రోజే కొత్తవి ఇవ్వాలి, నెలాఖరుకు కాదు. మూడో పొట్లం గురించి నేను ఇంత చెబుతున్నాను గానీ, ఈ టీకా, ఈ గ్లౌజులు లేకుండా పొట్లం ఒక్కటే చాలదు.

ఆ పొద్దున మా డాక్టరుగారికి ఫోన్ చేసి అడిగాను. టీటీ ఇంజెక్షన్, హెపటైటిస్-బి టీకా అదే రోజు వేయించమన్నారు. మా ఆయన తమ్ముడు ఆమెను బండి మీద తీసుకెళ్ళాడు. మొదటి డోసు మేలో, రెండోది జూన్‌లో, మూడోది నవంబరులో. నవంబరులో నేనే వెంట వెళ్ళాను. ఆరు నెలల తర్వాత చేయించిన రక్తపరీక్ష కూడా బాగానే వచ్చింది. క్యూలో కూర్చున్నప్పుడు ఆమె తన పాత చెయ్యి గాయాలు ఒక్కొక్కటే చూపించింది. ఇది గాజుపెంకు, ఇది బ్లేడు, ఇది ట్యూబులైటు. ఏ వీధిలో ఏ ఇంటిదో అన్నీ గుర్తున్నాయి. ఏ ఇంటి పేరూ చెప్పలేదు.

ఇప్పుడు మా వీధికి ఆటో వస్తోంది. ఆమె ఆటో పక్కనే నడుస్తూ వస్తుంది. నేను గేటు దగ్గరే నిలబడి తడి బుట్ట, పొడి బుట్ట, బొట్టు పెట్టిన పొట్లం చేతికిస్తాను. పొట్లాన్ని ఆటో వెనక కట్టిన వేరే గోతంలో వేస్తుంది. ఆ గోతం తనే కుట్టుకుంది. కిందటి వారం ఎదురింటి కోడలు కూడా పేపరు పొట్లం తెచ్చింది, చుక్క పెట్టకుండా. ఆమె దాన్ని తీసుకోకుండా అక్కడే నిలబడి, "లోపల ఏముందమ్మా?" అని అడిగింది. ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి ఎర్ర స్కెచ్ పెన్ను తెచ్చింది.